డార్క్‌లింగ్ అన్న మాట ఎదురైతే ఎలా చదవాలి, రాయాలనిపిస్తే ఎక్కడ వాడాలి

ఇంగ్లీషు కవిత్వం కాస్త చదివే అలవాటున్నవాళ్లకి డార్క్‌లింగ్ అనే మాట ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. కీట్స్‌లోనో, హార్డీ పద్యం పేరులోనో, లేదంటే ఆర్నాల్డ్ సముద్రపు ఒడ్డున నిలబడి రాసిన పద్యం చివర్లోనో. చూడగానే అర్థమైపోయినట్టే ఉంటుంది కాబట్టి ఎవరూ డిక్షనరీ తెరవరు. డార్క్ అంటే చీకటి, వెనక ఏదో తోక ఉంది, కవిగారికి లయ కుదరక తగిలించి ఉంటారు, పదండి ముందుకు. అలా దాటేస్తే ఆ పద్యాల్లో అసలు పని జరిగే చోటు చేజారిపోతుంది, ఎందుకంటే చీకట్లో ఉన్నది ఎవరు అనే ప్రశ్న ఈ మాటలోనే దాగి ఉంది. కవి చూస్తున్న వస్తువు చీకటిగా ఉందా, చూస్తున్న మనిషే చీకట్లో ఉన్నాడా? దాన్ని తేల్చుకోవడం ఎలాగో చెప్పడానికే ఇదంతా.

పలకడం దగ్గర పెద్ద ఇబ్బంది లేదు. డార్క్, లింగ్, రెండే ముక్కలు, ఊనిక మొదటిదాని మీద. బ్రిటిష్ వాళ్ల నోట్లో ర వినపడదు, డాక్‌లింగ్ అన్నట్టు ఉంటుంది, అంతే తేడా.

ముందు ఆ తోక సంగతి చూద్దాం

చాలామంది దీన్ని ఇంగ్ తోకతో వచ్చే మాటల్లో వేసేస్తారు, సింగింగ్, రన్నింగ్ లాగ. అది కాదు. ఇక్కడ తోక లింగ్. ఇంగ్లీషులో లింగ్‌లు రెండున్నాయి. డక్లింగ్, డార్లింగ్ లాంటి నామవాచకాల్లో ఉండేది ఒకటి, చిన్నపిల్ల అనో ముద్దు అనో సూచిస్తుంది. రెండోది చాలా పాతది, ఒక పని ఏ దిక్కుగా, ఏ స్థితిలో జరుగుతోందో చెప్పే క్రియావిశేషణాలు తయారు చేసేది. ఇప్పుడు మనం హెడ్‌లాంగ్ అంటున్న మాట మధ్యయుగపు ఇంగ్లీషులో హెడ్లింగ్, అంటే తల ముందుకు పెట్టి పడటం. లింగ్ అంటే ఏమిటో జనం మర్చిపోయాక అది లాంగ్‌గా మారింది. సైడ్‌లింగ్ అంటే పక్కవాటుగా. గ్రొవెలింగ్ అంటే బోర్లాపడి. డార్క్‌లింగ్ కూడా ఈ కుటుంబమే. 15వ శతాబ్దం నుంచి ఉంది, అప్పటి అర్థం ఒక్కటే, చీకట్లో.

ఈ తోక పెద్ద పెద్దవాళ్లనే తికమక పెట్టింది. శామ్యూల్ జాన్సన్ 1755లో తన డిక్షనరీ వేసినప్పుడు ఈ మాట దగ్గర, ఇది డార్కిల్ అనే క్రియకి పార్టిసిపుల్‌లా ఉంది గానీ ఆ డార్కిల్ నాకు ఎక్కడా దొరకలేదు అని రాసుకున్నాడు. పార్టిసిపుల్ అంటే మన వ్యాకరణంలో శత్రర్థకం అనుకోండి, చేస్తూ, చూస్తూ లాంటిది. దొరకకపోవడం న్యాయమే, అప్పటికి ఆ క్రియ పుట్టనే లేదు. ఆ తర్వాతి తరాలు కూడా ఇదే పొరపాటు పడి, డార్క్‌లింగ్ ఉందంటే డార్కిల్ ఉండే ఉంటుందని దాన్ని నిజంగానే పుట్టించేశారు, 19వ శతాబ్దం మొదట్లో కవులు వాడేశారు కూడా. బైరన్ డాన్ జువాన్‌లో స్పార్కిల్‌కి అంత్యప్రాసగా డార్కిల్ పెట్టాడు. గ్రొవెల్, సైడిల్ అనే క్రియలు కూడా సరిగ్గా ఇలా పుట్టినవే. వెనక నుంచి ముందుకు పుట్టిన పిల్లలు, భాషలో ఇలాంటివి చాలా ఉంటాయి.

ఈ గొడవంతా చదివేవాడికి ఎందుకంటే, మొదట్లో ఇది అసలు విశేషణమే కాదు కాబట్టి. 18వ శతాబ్దంలో గానీ నామవాచకం ముందుకొచ్చి కూర్చోవడం అలవాటు కాలేదు. అంటే షేక్‌స్పియర్‌నీ మిల్టన్‌నీ చదువుతూ దీన్ని విశేషణంగా అర్థం చేసుకుంటే పప్పులో కాలేసినట్టే.

తెలుగు పెట్టి చూసే పరీక్ష

డిక్షనరీలో రెండు మూడు అర్థాలు వరసగా ఇచ్చేస్తారు, ఏది ఎక్కడ వాడాలో చెప్పరు. దానికంటే తేలికైన దారి ఒకటుంది, ఈ విషయంలో తెలుగువాళ్లకి కాస్త కలిసొస్తుంది కూడా, మన విభక్తే సగం పని చేసిపెడుతుంది. ఆ మాట తీసేసి, దాని స్థానంలో చీకట్లో అని పెట్టి చదవండి. వాక్యం నిలబడిందా, అది పాత అర్థం, ఎవరో చీకట్లో ఉండి ఏదో చేస్తున్నారు. నిలబడకపోతే చీకటి పడుతున్న అనో చీకటి కమ్మిన అనో పెట్టి చూడండి, అది కొత్త అర్థం, ఒక చోటు గురించో వేళ గురించో చెబుతోంది. రెండూ కుదిరితే మాత్రం తొందరపడకండి, అక్కడ కవి కావాలనే రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడ్డాడు.

కింగ్ లియర్ మొదటి అంకంలో విదూషకుడి మాట తీసుకోండి. పిచ్చుక ఒకటి కోకిల పిల్లని మేపి మేపి చివరికి దాని చేతిలోనే తల పోగొట్టుకుందని పాడి, వెంటనే అంటాడు: సో అవుట్ వెంట్ ది క్యాండిల్, అండ్ వి వర్ లెఫ్ట్ డార్క్‌లింగ్. కొవ్వొత్తి ఆరిపోయింది, మనం చీకట్లో మిగిలాం. చీకట్లో ఇట్టే అతికింది. ఇంకేమీ వెతకక్కర్లేదు, రాజ్యమంతా కూతుళ్లకి రాసిచ్చేసిన ముసలి రాజు ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఆరింది ఎవరి దీపమో వినేవాళ్లకి తెలుసు. మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్‌లో హెలెనా అడవిలో రాత్రిపూట డెమిట్రియస్ వెంటపడుతూ, ఓ, విల్ట్ దౌ డార్క్‌లింగ్ లీవ్ మీ అంటుంది. నన్నిలా చీకట్లో వదిలేసి పోతావా అని. ఇక్కడా అదే.

మిల్టన్ దగ్గర కథ కొంచెం బరువెక్కుతుంది. ఆయన మహాకావ్యం పారడైజ్ లాస్ట్ 1667లో అచ్చయింది, దాని మూడో పుస్తకం మొదట్లో ఆయన వెలుగుని స్తుతిస్తాడు. అప్పటికి ఆయన చూపు పూర్తిగా పోయి చాలా ఏళ్లయింది, 1652కే రెండు కళ్లూ కనపడవు. ఆ స్తుతి మధ్యలో తన కవిత్వం గురించి చెబుతూ, దట్టమైన పొదలో దాక్కుని రాత్రి పాడే పిట్టతో పోల్చుకుంటాడు, ది వేక్‌ఫుల్ బర్డ్ సింగ్స్ డార్క్‌లింగ్ అని. పరీక్ష పెట్టండి: పిట్ట చీకట్లో పాడుతోంది. కుదిరింది. కానీ ఆ పిట్టకి తెల్లారుతుంది, ఈయనకి తెల్లారదు. మరి కొన్ని పాదాలకే ఆయనే చెబుతాడు, రుతువులు తిరిగొస్తాయి గానీ నాకు పగలు తిరిగి రాదు అని. మాట మామూలుదే, ఎవరి నోట వచ్చిందో చూసుకుంటే గానీ దాని బరువు తెలీదు.

ఇక కీట్స్. 1819 వసంతంలో నైటింగేల్ అనే పిట్ట మీద రాసిన పద్యంలో ఆరో చరణం, డార్క్‌లింగ్ ఐ లిజన్ అని మొదలవుతుంది. చాలా అనువాదాల్లో దీన్ని, చీకటిగా ఉంది, నేను వింటున్నాను అని రెండు ముక్కలు చేసేస్తారు, అలా చేస్తే మొత్తం పోతుంది. దీనికి ముందు చరణం చదవండి. కాళ్ల దగ్గర ఏ పూలున్నాయో కనపడటం లేదు, వాసన బట్టి ఒక్కొక్కటీ పోల్చుకుంటున్నాడు. అంటే చీకటి ఆయన్ని అప్పటికే నాలుగు వైపులా కమ్మేసింది, కళ్లు ఆగిపోయి ముక్కు పనిచేస్తోంది, ఆ తర్వాత చెవి. డార్క్‌లింగ్ ఐ లిజన్ అనే మూడు మాటల దగ్గరకొచ్చేసరికి మనిషి మొత్తం ఒక చెవిగా మారిపోయాడు. ఇంకో సంగతి, కీట్స్ పారడైజ్ లాస్ట్‌ని కలం పట్టుకుని, గీతలు గీస్తూ చదివినవాడు, ఆ ప్రతి ఇప్పటికీ ఉంది. మిల్టన్‌లో చీకట్లో ఉన్నది పాడే పిట్ట. కీట్స్‌లో పిట్టకి ఏ బాధా లేదు, చీకట్లో ఉన్నది వినేవాడు. ఒక్క మాటని ఇటు నుంచి అటు జరిపాడు.

నా లెక్కలో ఈ మాటని ఇంతకంటే బాగా ఎవరూ వాడలేదు. హార్డీ అభిమానులు ఒప్పుకోకపోవచ్చు.

మధ్యలో జాన్సన్‌ని, బైరన్‌ని వదిలేయకూడదు. జాన్సన్ 1749లో ది వానిటీ ఆఫ్ హ్యూమన్ విషెస్‌లో, దిక్కుతోచని మనిషి తన విధి ప్రవాహంలో డార్క్‌లింగ్‌గా దొర్లుకుంటూ పోవాల్సిందేనా అని అడుగుతాడు. పక్కనే ఇగ్నొరెన్స్ అనే మాట కూడా పెట్టాడు. అజ్ఞానాంధకారం అనే సమాసం పుట్టినప్పటి నుంచీ వింటున్న మనకి ఇది చెప్పనక్కర్లేదు, ఇక్కడి చీకటి కంటికి సంబంధించింది కాదు, ఏం జరుగుతోందో తెలియకపోవడం. బైరన్ 1816లో డార్క్‌నెస్ అనే పద్యంలో సూర్యుడే ఆరిపోయినట్టు ఊహించి, నక్షత్రాలు శూన్యంలో డార్క్‌లింగ్‌గా తిరుగుతున్నాయి అన్నాడు. అంతకు ముందు ఏడాది తంబోరా అగ్నిపర్వతం పేలి, దాని ప్రభావంతో ఆ ఏడు యూరప్‌లో వేసవే సరిగా రాలేదు, ఆ మబ్బు పట్టిన రోజుల్లో రాసిన పద్యం. నక్షత్రాలే చీకట్లో తడుముకోవడం ఏమిటి? అదే ఆ పాదంలో ఉన్న భయం. దారి చూపేవాళ్లకే దారి లేదు.

రెండు అర్థాలూ కుదిరే చోట్లు

ఆర్నాల్డ్ డోవర్ బీచ్ 1867లో అచ్చయింది. మొదట్లో సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, వెన్నెల ఉంటుంది. చివర్లో, మనం ఇక్కడ ఒక డార్క్‌లింగ్ ప్లెయిన్ మీద ఉన్నట్టున్నాం, ఎవరెవరో తెలియని సైన్యాలు రాత్రిపూట కొట్టుకుంటున్నాయి అంటాడు. ఇప్పుడు మాట నామవాచకం ముందుకొచ్చింది, విశేషణం అయింది. పరీక్ష పెడితే, చీకట్లో మైదానం అంటే ఏదోలా ఉంది, చీకటి కమ్మిన మైదానం బాగానే ఉంది. అయితే అక్కడితో ఆగిపోకండి. ఈ పోలిక వెనక క్రీ.పూ. 413లో సిసిలీ ద్వీపంలోని సిరాక్యూజ్ దగ్గర ఎపిపొలే గుట్టల మీద రాత్రి జరిగిన యుద్ధం ఉందని విమర్శకులు చెబుతారు, దాన్ని రాసినవాడు గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్, ఆర్నాల్డ్ తండ్రి ఆ థుసిడిడీస్ గ్రంథాన్ని పరిష్కరించి అచ్చు వేసినవాడు, కాబట్టి ఇంట్లో విన్న కథే అయ్యుండాలి. ఆ రాత్రి వెన్నెల ఉంది, ఎదురుగా ఒక మనిషి ఉన్నాడని తెలుస్తోంది, మనవాడో పగవాడో తెలియడం లేదు. ఏథెన్స్ సైనికులు ఎదురైన ప్రతివాడినీ సంకేతపదం అడిగి అడిగి చివరికి ఆ పదం శత్రువులకి కూడా తెలిసిపోయింది, ఆ తర్వాత తమలో తామే పొడుచుకున్నారు. ఇది తెలిశాక డార్క్‌లింగ్ ప్లెయిన్ మళ్లీ చదవండి. చీకటి మైదానానిది, చీకట్లో ఉన్నది సైనికులు, విశేషణం మైదానానికి తగిలించాడు గానీ దెబ్బ మనుషులకి తగిలింది.

హార్డీది ఇంకో తమాషా. ది డార్క్‌లింగ్ థ్రష్ అని పద్యం పేరు, థ్రష్ అంటే ఒక పాటల పిట్ట. పద్యం మొత్తం వెతకండి, పేరులో తప్ప లోపల ఎక్కడా ఆ మాట లేదు. పైగా 1900 డిసెంబర్ 29న ది గ్రాఫిక్ పత్రికలో మొదటిసారి వచ్చినప్పుడు దాని పేరే వేరు, బై ది సెంచురీస్ డెత్‌బెడ్, అంటే శతాబ్దం మరణశయ్య పక్కన అని. పుస్తకంలోకి ఎక్కేటప్పుడు ఈ పేరు వచ్చింది. నేనైతే ఇది మంచి మార్పు అంటాను, మొదటి పేరు అన్నీ చెప్పేస్తుంది, కొత్త పేరు ఒక్క మాటతో వెనక మిల్టన్ పిట్టనీ కీట్స్ పిట్టనీ పిలుచుకొస్తుంది. ఇక పరీక్ష. చలికాలం, పొద్దు వాలుతోంది, కవి గేటు మీద వాలి నిలబడ్డాడు, బక్కచిక్కిన ముసలి పిట్ట ఒకటి ఈకలు గాలికి రేగిపోయి, కమ్ముకొస్తున్న చీకటి మీదకి తన ప్రాణమంతా విసిరేస్తున్నట్టు పాడుతోంది. చీకట్లో ఉన్న పిట్ట? కుదురుతుంది. చీకటి పడేవేళ పిట్ట? అదీ కుదురుతుంది. కానీ చివర్లో, దానికి తెలిసిన ఏదో ఆశ నాకు తెలియలేదు అంటాడు కవి. అంటే అసలు చీకట్లో ఉన్నది కవి. పేరు పిట్టకి పెట్టి తను పక్కకి తప్పుకున్నాడు.

మీరే రాయాలనుకుంటే

ముందే చెబుతున్నా, ఇది ఆఫీసు మెయిల్‌లోనో పరీక్ష వ్యాసంలోనో పెట్టే మాట కాదు. జాన్సనే దీన్ని కేవలం కవిత్వపు మాట అని పక్కన రాశాడు, అప్పటికే. కవిత, కథ, వర్ణన ఉన్న వ్యాసం, ఈ మూడింటిలో వాడొచ్చు, అది కూడా ఒక రచనకి ఒక్కసారి. రెండోసారి కనపడగానే పాఠకుడు కథ వదిలేసి మీ డిక్షనరీని చూడటం మొదలుపెడతాడు.

ఏ స్థానంలో పెడుతున్నారో చూసుకోండి, అర్థం మొత్తం దాని మీదే ఆధారపడుతుంది. షి క్రాస్డ్ ది డార్క్‌లింగ్ రివర్ అని రాస్తే నది మీద చీకటి పడుతోంది, చూస్తున్నవాడికి కాస్త గుబులుగా ఉంది. షి క్రాస్డ్ ది రివర్ డార్క్‌లింగ్ అని చివరికి జరిపితే ఆమె చీకట్లో, దారి కనపడకుండా దాటింది. మొదటిది వర్ణన, రెండోది కథ. రెండోదానికి పాతవాసన ఎక్కువ, పాత్రలు పాతకాలానివైతే నప్పుతుంది. మామూలు డార్క్ రివర్ అంటే నీళ్లు నల్లగా లోతుగా ఉన్నాయని, మిట్టమధ్యాహ్నం కూడా అనొచ్చు. మధ్యాహ్నం పూట డార్క్‌లింగ్ అనకండి, గ్రహణమో తుపానో వస్తే తప్ప.

ది రూమ్ వాజ్ డార్క్‌లింగ్ అని వాక్యం చివర క్రియ తర్వాత పెడితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, గది ఏదో చేస్తోంది కాబోలు అనిపిస్తుంది. రూమ్ అనే మాటకి ముందు పెట్టండి, లేదా మనిషిని కూర్చోబెట్టండి: వి శాట్ డార్క్‌లింగ్. వెరీ డార్క్‌లింగ్, మోర్ డార్క్‌లింగ్ అనే రూపాలు లేవు. జుట్టుకి, చర్మానికి, బట్టలకి వాడకండి, ఇది రంగు పేరు కాదు. మైదానం, అడవి, ఆకాశం, సముద్రం, దారి, ఇలాంటి విశాలమైనవాటి పక్కన బాగా ఇముడుతుంది, కుర్చీ పక్కన ఇమడదు. అదే వాక్యంలో డార్క్, షాడో, గ్లూమ్ కూడా కుక్కితే ఇక చెప్పేదేముంది.

ఒక్క మినహాయింపు హాస్యం. కరెంటు పోయినప్పుడు గంభీరంగా మొహం పెట్టి వి వర్ లెఫ్ట్ డార్క్‌లింగ్ అనొచ్చు, లియర్ చదివినవాళ్లు నవ్వుతారు, చదవనివాళ్లు మీ ఇంగ్లీషు పాడైందనుకుంటారు.

దగ్గరి బంధువులతో కలిపేయకండి. డస్కీ అంటే చామనచాయ లాంటి రంగు. మర్కీలో మురికి ఉంది. గ్లూమీ మనసుకి సంబంధించింది. క్రెపస్క్యులర్ అంటే సంధ్యవేళది, జంతుశాస్త్రవేత్తలు ఉదయం సాయంత్రం తిరిగే జీవాలకి వాడతారు. టెనెబ్రస్ లాటిన్ నుంచి వచ్చిన బరువైన మాట, నాకు అంత ఇష్టం ఉండదు. వీటిలో దేనికీ లోపల మనిషి ఉండడు, డార్క్‌లింగ్‌లో ఉంటాడు, ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అదే.

ఫాంటసీ నవలల్లో డార్క్‌లింగ్ అని ఏదో చీకటి జీవిని పిలవడం చూస్తుంటాం. అది డక్లింగ్‌లోని లింగ్, ఈ మాటకి పైకి చూడటానికి పోలికే గానీ చుట్టరికం లేదు, అక్కడ పరీక్షలేమీ పెట్టక్కర్లేదు. ఇక ఏ మొహమాటం లేకుండా, ఏ కవీ గుర్తుకు రాకుండా ఈ మాట వాడేది పురుగుల శాస్త్రంలో. డార్క్‌లింగ్ బీటిల్స్ అని ఒక పెద్ద కుటుంబం ఉంది, శాస్త్రీయంగా టెనెబ్రియోనిడే, 20,000కి పైగా జాతులు. పెంపుడు పక్షులకీ బల్లులకీ మేతగా అమ్మే మీల్‌వార్మ్ వీటి పిల్లే. వీటిలో చాలావరకు రాత్రిపూట తిరుగుతాయి కాబట్టి చీకట్లో అనే పాత అర్థం కూడా సరిపోతుంది, ఒళ్లు నల్లగా ఉంటుంది కాబట్టి రంగు పేరనుకున్నవాళ్లకీ తప్పు పట్టలేం.